చట్టం వచ్చేదాకా కూర్చోరాదు

తణుకులో గంధం వారి పట్టుమహల్ అంటే మూడంతస్తుల బట్టల షోరూం. అందులో నేను ఫ్లోర్ మేనేజర్ని. నా పేరు ముత్యాల ఆదినారాయణ. నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం ఏమిటంటే, చీరలమ్మే ఆడవాళ్ళు ఎక్కడైనా కూర్చున్నారేమో చూసి లేపడం. కూర్చోవడానికి అక్కడేమీ ఉండదు గనక పని సులువుగానే సాగేది. ఎవరైనా కౌంటరుకు నడుం ఆనించినా, గోడకు జారగిలబడినా నేను దగ్గేవాణ్ణి. వెంటనే నిటారుగా అయిపోయేవారు. చాలామంది నాకు ఉబ్బసం అనుకునేవారు.

మా యజమాని గంధం సోమేశ్వరరావు గారు చెడ్డవాడు కాదు. వేసవిలో అందరికీ మజ్జిగ పోయించేవారు. దసరాకి చీర పెట్టేవారు. పనివాళ్ళ ఇళ్ళలో ఎవరైనా పోతే స్వయంగా వెళ్ళి నిలబడి వచ్చేవారు. కాకపోతే అమ్మే మనిషి కూర్చుంటే కొనే మనిషికి బద్ధకం పుడుతుందని వాళ్ళ నాన్నగారు పోతూ పోతూ చెప్పారట. ఆ మాట మీద షోరూం కట్టారు.

పట్టుచీరల కౌంటర్లో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి. మా దగ్గర అమ్మకాల్లో ఆవిడదే పైచేయి. పెళ్ళివారు వస్తే పెళ్ళికూతురి మొహం ఒకసారి, ఆ పిల్ల మేనత్త మొహం ఒకసారి చూసి, ఎవరి మాట చెల్లుతుందో కనిపెట్టి, వాళ్ళకి నచ్చే చీర ముందు పరిచేది. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి ఆవిడ ఎడమకాలు పాడైంది. మడమ నుంచి మోకాలి దాకా నరాలు మెలికలు తిరిగి నీలంగా ఉబ్బాయి. సాయంత్రమయ్యేసరికి పాదం చెప్పులో పట్టేది కాదు. రోజులో నాలుగైదుసార్లు కూర్చుని కాలు ఎత్తిపెట్టుకోకపోతే పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. ఇంట్లో భర్త రైసుమిల్లులో నడుం విరిగి మంచం మీదున్నాడు. ఆవిడ పని మానేస్తే ఇల్లు గడవదు.

ఒకరోజు ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఆదినారాయణ గారూ, బేరం లేనప్పుడు కాసేపు అలా మెట్టు మీద కూకుంటానండి," అంది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ నేను చూస్తే దగ్గాలి కదా," అన్నాను.

"మీరు అటేపు తిరగండి."

"అటువైపు సీసీ కెమెరా ఉంది," అన్నాను. ఆవిడ కుంటుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆ కబురు వచ్చింది. దుకాణాల్లో నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇస్తూ ఏదో చట్టం రాబోతోందట. ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తుందని మాత్రం వర్తక సంఘంలో అందరూ చెప్పుకున్నారు. సోమేశ్వరరావు గారు ఆ మీటింగు నుంచి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుని చాలాసేపు ఫ్యానుకేసి చూస్తూ ఉండిపోయారు.

"కూర్చుంటారంటయ్యా," అన్నారు చివరికి.

"ఎవరండీ?"

"అందరూనూ."

నూకరత్నం మాత్రం ఆ కబురు విన్న రోజు కొబ్బరిలౌజు తెచ్చి కౌంటర్లన్నిటికీ పంచింది.

అటుపైన యజమాని గారు విజయవాడలో ఒక సదస్సుకి వెళ్ళారు. 'రానున్న చట్టమునకు యజమాని ఎట్లు సన్నద్ధుడు కావలెను' అన్నది విషయం. మాట్లాడినాయన డాక్టర్ చిట్టూరి ఫణిభూషణ్, సన్నద్ధతా సలహాదారు. యజమాని గారు వచ్చేటప్పుడు ఆయన్ని కూడా కార్లో ఎక్కించుకొచ్చారు.

ఫణిభూషణ్ గారు సన్నగా, తెల్లటి బూట్లతో, ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకునే మనిషి. మా అందరినీ మొదటి అంతస్తులో వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"చట్టము వచ్చిన పిమ్మట పాటించువాడు సామాన్య యజమాని. రాకమునుపే దానికి ఆయత్తమగువాడు ఉత్తమ యజమాని. మీ సంస్థ నేటి నుండి సన్నద్ధతా దశలోనికి ప్రవేశించినది."

నూకరత్నం చెయ్యెత్తింది. "అయితే ఇయ్యాల్నుంచి కూకోవచ్చాండీ?"

"అమ్మా, సన్నద్ధతా దశయందు ఉపవేశనము ఉండదు. ఉపవేశనమునకు పూర్వరంగము మాత్రమే ఉండును."

"అంటే ఏటండీ?"

"అంటే నిలబడియే ఉండవలెను."

పూర్వరంగం మర్నాడే మొదలైంది. ముందు కుర్చీలు వచ్చాయి. మంచి కుర్చీలు. మెత్తటి దిండ్లు, చేతులు ఆనించుకునే వీలు, ఒక్కో కౌంటరు వెనకా ఒక్కొక్కటి. వాటి మీది ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. పైగా కుర్చీకి ఈ చేతి నుంచి ఆ చేతికి ఎర్ర రిబ్బను కట్టించారు. చట్టం వచ్చిన రోజు ఎవరైనా పెద్దమనిషిని పిలిచి ఆ రిబ్బన్లు కత్తిరించాలని ఏర్పాటు. అంతదాకా కుర్చీ అరిగిపోకుండా చూడటం నా బాధ్యత. నా హోదా కూడా మారింది. ఫ్లోర్ మేనేజర్ తీసేసి 'ఉపవేశన నియంత్రణాధికారి' అని చొక్కాకి బిళ్ళ పెట్టారు. జీతం మారలేదు.

ఇంతకుముందు కుర్చీ లేక నిలబడేవాళ్ళు. ఇప్పుడు కుర్చీ పక్కన నిలబడుతున్నారు. నూకరత్నం రోజంతా పెళ్ళివారికి చీరలు విప్పుతూ, మధ్యలో ఆ ఎర్ర రిబ్బను కేసి ఒక్కసారి చూసి, మళ్ళీ చీర మడతపెట్టేది.

తరవాత శిక్షణ. ఇన్నేళ్ళుగా నిలబడ్డ సిబ్బందికి కూర్చోవడం పద్ధతిగా రాదనీ, చట్టం హఠాత్తుగా అమల్లోకొస్తే అడ్డదిడ్డంగా కూర్చుని సంస్థ పరువు తీస్తారనీ ఫణిభూషణ్ గారు తేల్చారు. షోరూం తెరవకముందు రోజూ తరగతి. కుర్చీలు వాడకూడదు గనక కుర్చీ ఉన్నట్టు అనుకుని చెయ్యాలి.

"మోకాళ్ళు వంచుడు! వంచుడు! ఆపుడు! ఇది అర్ధాసనము. ఇట్లే యుండి చిరునవ్వు నవ్వుడు. వినియోగదారుడు వచ్చుచున్నాడు. లేవుడు!"

ఆడవాళ్ళందరూ సగం వంగి, గాల్లో కూర్చుని, నవ్వి, లేచేవారు. నిలబడటమే నయమని మూడో రోజుకే అందరూ అనుకున్నారు. నూకరత్నం అర్ధాసనంలో ఉండగా కాలు తిమ్మిరెక్కి కౌంటరు పట్టుకుంది. పడబోయి ఆగింది. పక్కనున్నవాళ్ళు పరుగెత్తి పట్టుకున్నారు. ఆవిడ పళ్ళ బిగువున నిలబడే ఉంది గానీ పైపెదవి మీద చెమట ముత్యాల్లా పట్టింది.

"ఈమెకు ఉపవేశన పటిమ కొరవడినది," అన్నారు ఫణిభూషణ్ గారు.

నేను ఆ సాయంత్రం యజమాని గారితో, "నూకరత్నానికి మాత్రం ఆ రిబ్బను విప్పిద్దామండీ. కాలు చూస్తే భయమేస్తోంది," అన్నాను.

ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది. "నాకు మాత్రం జాలి లేదనుకున్నావా? కానీ చట్టం రాకుండా ఒక్కళ్ళని కూర్చోబెడితే, మిగతావాళ్ళు ఏ చట్టం కింద నిలబడతారయ్యా?" అన్నారు. ఆవిడ మందులకి డబ్బిచ్చి పంపించారు. కూర్చోవడం ఒక్కటే ఇవ్వలేకపోయారు.

ఇంతలో ఫణిభూషణ్ గారికి చట్టం ముసాయిదా ఎక్కడో దొరికింది. దాన్ని భూతద్దం కింద పెట్టుకుని చదివి, లేచి, మేడ మీంచి పరుగున దిగొచ్చారు.

"సోమేశ్వరరావు గారూ! 'దుకాణమునందు సిబ్బంది ఆసీనులై యుండుటకు ఏర్పాటు' అని మాత్రమే ఉన్నది. ఏ సిబ్బంది? అది లేదు!"

"అంటే?"

"నిలబడువారిని నిలబడనిండు. కూర్చొనుటకు వేరుగా సిబ్బందిని నియమింపుడు!"

యజమాని గారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. అమ్మేవాళ్ళు కూర్చోనక్కర్లేదు. కూర్చునేవాళ్ళు అమ్మనక్కర్లేదు. వాళ్ళ నాన్నగారి మాటా పోదు, చట్టమూ నొచ్చుకోదు.

వారం తిరిగేలోగా సజ్జాపురం నుంచి కొంతమంది ఆడవాళ్ళని కూర్చునే సిబ్బందిగా తీసుకున్నాం. వాళ్ళకి పెద్ద మాణిక్యం అనే ఆవిడ. అంతకుముందు కొబ్బరిపీచు పనిలో ఉండేది. గొంతు పెద్దది. వీళ్ళకి మాత్రం రిబ్బన్లు విప్పి, కవర్లు తీసి, ఒక్కో కుర్చీలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టాం. పని నియమాలు రెండే. చీర ముట్టుకోకూడదు, అది నిలబడే సిబ్బంది పని. లేవకూడదు, అదీ నిలబడే సిబ్బంది పనే.

మొదటిరోజే ఒక పెద్దావిడ మాణిక్యం దగ్గరికొచ్చి, "ఆ నెమలికంఠం రంగుది తియ్యమ్మా," అంది.

"నేను కూకోడానికేనండి. తియ్యడానికి ఆవిడుంది," అంది మాణిక్యం.

"కూర్చుని ఏం చేస్తావు?"

"కూకుంటానండి."

పెద్దావిడ నూకరత్నం వైపు చూసింది. "నువ్వేం చేస్తావు?"

"నేను కూకోనండి," అంది నూకరత్నం.

ఆవిడ చీర కొనకుండా వెళ్ళిపోయి, ఆ సంగతి ఊళ్ళో పదిమందికీ చెప్పింది. ఆ పదిమందీ చూడటానికి వచ్చారు. వాళ్ళూ కొనలేదు.

నూకరత్నానికి అప్పుడొక ఆలోచన వచ్చింది. కూర్చునే సిబ్బందిలో ఇంకో ఖాళీ ఉందని తెలిసి, తనని అందులోకి మార్చమని అడిగింది. జీతం కాస్త తక్కువైనా సరేనంది. అడిగింది గనక పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూ పెట్టాం. బల్లకి ఇవతల ఫణిభూషణ్ గారు, యజమాని గారు, నేను. అవతల నూకరత్నం నిలబడింది.

"కూర్చొనుటయందు మీకు పూర్వానుభవము ఎంత?" అని ఫణిభూషణ్ గారు మొదలుపెట్టారు.

"ఇంటికాడ కూకుంటానండి. వంట చేసేప్పుడు."

"అది గృహోపవేశనము. ఉద్యోగమునందు?"

"ఉద్యోగంలో కూకోనిత్తే కదండీ!"

"అనగా అనుభవము లేదు."

"మీరు పెట్టిన శిక్షణ ఉంది కదండీ."

"ఆ శిక్షణ నిలబడు సిబ్బందికి ఉద్దేశించినది. అందునా మీకు పటిమ చాలదని నా పరిశీలన."

నూకరత్నం మా ముగ్గురినీ ఒకసారి చూసింది. తర్వాత యజమాని గారితో, "అయ్యా, కాలు పుండు పడతాదన్నారండి డాక్టరు గారు. కాలు తీసేత్తే అప్పుడిత్తారాండీ, కూకునే ఉద్యోగం?" అంది. ఏడవలేదు. రేటు అడిగినట్టు అడిగింది.

యజమాని గారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఫణిభూషణ్ గారు గొంతు సవరించుకుని, "అట్టి ప్రత్యేక వర్గము ముసాయిదాలో లేదు," అన్నారు. ఆ ఉద్యోగం మాణిక్యం చెల్లెలికి వెళ్ళింది. ఆవిడ అదివరకు వాళ్ళ వీధి చివర కూరగాయలు అమ్మేది, కూర్చునే.

సన్నద్ధత పూర్తయిందని ఫణిభూషణ్ గారు ప్రకటించి, లేబరాఫీసరు గారిని పరిశీలనకి పిలిపించారు. ఆయన పేరు చంద్రమౌళి. వచ్చే రోజున గుమ్మానికి మామిడాకులు, మెట్లకి తివాచీ, పేపరువాళ్ళకి జీడిపప్పు ఏర్పాటయ్యాయి.

ఆ ఉదయమే కూర్చునే సిబ్బంది సమ్మె చేశారు.

నేను వెళ్ళేసరికి కుర్చీలన్నీ ఖాళీ. మాణిక్యం, ఆవిడ మనుషులు రోడ్డు మీద నిలబడి ఉన్నారు. నిలబడటమే వాళ్ళ సమ్మె.

"ఏవమ్మా, ఏం కావాలి మీకు?" అన్నాను.

"నడుములు పట్టేసినియ్యండీ! పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా లేవనియ్యరా? ఒక్కపాలి లేచి నిలబడతామంటే ఈయన దగ్గుతాడు!" అని మాణిక్యం చుట్టుపక్కల కొట్లవాళ్ళకి నన్ను చూపించింది. "నిలబడనిత్తేనే కూకుంటాం! అదొక్కటే మా కోరిక!"

ఫణిభూషణ్ గారు నిలబడే హక్కుకి ముసాయిదాలో చోటు లేదన్నారు. ఆవిడ ఆయన తెల్ల బూట్ల గురించి ఒక మాట అంది. అది నేనిక్కడ రాయను. వాళ్ళంతా గోస్తనీ కాలవ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. నడవడం వాళ్ళకెంత హాయిగా ఉందో వెనకనుంచి చూస్తేనే తెలిసింది.

అంతలో వీధి మలుపులో లేబరాఫీసరు గారి జీపు కనిపించింది.

యజమాని గారు లోపలికి పరుగెత్తారు. "కూర్చోండి! ఎవరో ఒకళ్ళు కూర్చోండి! అందరూ కూర్చోండి!" అని అరిచారు. ఆ షోరూంలో ఆ మాట వినడం అదే మొదలు. ఎవరూ కదల్లేదు. ఇదేదో పరీక్ష అనుకున్నారు. కొందరు అలవాటుగా అర్ధాసనం వేశారు.

"నూకరత్నం! నువ్వు కూర్చోవే తల్లీ!"

"నాకు అనుభవం లేదు కదండీ," అంది నూకరత్నం.

"ఇప్పుడు మాటలొద్దమ్మా! నీకు దణ్ణం పెడతాను!" నిజంగానే చేతులు జోడించారు.

నూకరత్నం కుర్చీ చేతులు రెండూ పట్టుకుని మెల్లిగా కూర్చుంది. వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. ఆవిడ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఎన్నాళ్ళుగానో తలమీదున్న బరువు దించినప్పుడు మనిషికి తెలియకుండా వచ్చే శబ్దం. అది విని మిగతా వాళ్ళందరూ ఒక్కొక్కరే కూర్చున్నారు. నాకు దగ్గు వచ్చింది గానీ మింగేశాను.

చంద్రమౌళి గారు లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. మూడు పక్కలా కౌంటర్ల వెనక ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అలవాటు పోక లేవబోయారు.

"లేవవద్దు!" అన్నారాయన చెయ్యెత్తి. "ఎవ్వరును లేవరాదు! నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో చట్టము రాకముందే దానిని పాటించుచున్న యజమానిని చూచుట ఇదే ప్రథమము. వచ్చినవాటిని పాటించినవారినే నేను ఎరుగను."

ఆయన నూకరత్నం దగ్గరికి వెళ్ళి అడిగారు. "ఏమమ్మా, ఎంత కాలము నుండి కూర్చొనుచున్నారు?"

ఫణిభూషణ్ గారు గొంతు సవరించుకున్నారు. యజమాని గారు పైనున్న ఫ్యానుకేసి చూశారు.

"ఇప్పుడే కూకున్నానండి," అంది నూకరత్నం.

"ఎంత వినయము!" అన్నారు చంద్రమౌళి గారు.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళివారు కారు దిగి లోపలికొచ్చారు. మా వాళ్ళు లేవబోతే ఆఫీసరు గారు మళ్ళీ గద్దించారు. చేసేది లేక కూర్చున్నచోటే చీరలు విప్పారు. పెళ్ళికూతురి నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. నూకరత్నం తన పక్కనే ఒక కుర్చీ లాగించి ఆవిడని కూర్చోబెట్టింది. ఇద్దరూ ముందు ఎవరి కాలు ఎంత నొప్పో చెప్పుకున్నారు, తర్వాత చీరల్లో పడ్డారు. పెళ్ళికూతురికే కాదు, వరసకి వచ్చేవాళ్ళందరికీ అక్కడే కొనేశారు. కూర్చున్న మనిషి తొందరపెట్టదు గనక వచ్చినవాళ్ళు వెళ్ళలేదు. యజమాని గారు అదంతా గల్లాపెట్టె దగ్గర్నుంచి చూస్తూ, వాళ్ళ నాన్నగారి ఫొటో వైపు మాత్రం చూడలేదు.

చంద్రమౌళి గారు వెళ్ళేముందు పేపరువాళ్ళ ఎదుట ప్రకటన చేశారు. "ఈ దుకాణమును ఆదర్శ ఉపవేశన కేంద్రముగా గుర్తించడమైనది. ఇకమీదట జిల్లాలోని వర్తకులు, అధికారులు ఏ క్షణముననైనను, ముందస్తు సమాచారము లేకుండ వచ్చి దర్శించెదరు. సిబ్బంది సర్వదా ఇట్లే ఆసీనులై కనిపింపవలెను."

"ఏ క్షణంలోనైనానా?" అన్నారు యజమాని గారు నీరసంగా.

"ఏ క్షణముననైనను!"

అలా మా యజమాని గారు ఇరుక్కుపోయారు. ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు గనక లేవమనడానికి లేదు. ఫణిభూషణ్ గారు దీనికి 'నిరంతర సన్నద్ధత' అని పేరు పెట్టి, తన ఫీజు తీసుకుని, నెల్లూరులో ఇంకో యజమానిని సిద్ధం చెయ్యడానికి వెళ్ళిపోయారు. మాణిక్యం మనుషులకి కబురు పెట్టి చీరలు అమ్మే పనే ఇచ్చాం. కావాలంటే కూర్చుంటారు, కావాలంటే లేస్తారు. నన్ను మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. ప్రస్తుతం వచ్చినవాళ్ళకి షోరూం చూపిస్తున్నాను.

నూకరత్నం కాలు పూర్తిగా నయం కాలేదు. కానీ వాపు తీసింది. పుండు పడలేదు. సాయంత్రం చెప్పులు వేసుకునే ఇంటికెళ్తోంది.

చట్టం ఇంకా రాలేదు. ఏదో కమిటీ దగ్గర ఉందంటున్నారు.

మొన్న భీమవరం నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. ఆయనకక్కడ రెండు చీరల కొట్లున్నాయి. మా ఏర్పాట్లన్నీ తిరిగి చూసి, నూకరత్నం కుర్చీ ముందు ఆగాడు.

"ఏవమ్మా, చట్టం వచ్చేస్తే మీకింకా బాగుంటుంది కదా?"

"వద్దండీ బాబూ!" అంది నూకరత్నం ఉలిక్కిపడి. "వత్తే దాంట్లోంచి తప్పుకునే దారి మీరు ఎతుక్కుంటారు. వత్తాదేమో అని భయపడుతున్నారు చూడండి, అదే మాకు బాగుంది. రాకుండా, ఇలాగే వత్తా ఉండాలండి."

ఆయన నవ్వాలో వద్దో తేల్చుకోలేక నావైపు చూశాడు. నేను ఫ్యాను కేసి చూశాను.

"నిలబడిపోయేరేటండీ? కూకోండి," అని ఆవిడ పక్క కుర్చీ చూపించింది.

ఆయన కూర్చున్నాడు. లేచేసరికి మూడు పట్టుచీరలు కొన్నాడు.